అనూరుడు అనర్హుడు

తండ్రికి కాలు పోయింది. కొడుక్కి ఉద్యోగం వచ్చింది. ఈ రెండు సంగతులూ ఒకే రైస్‌కార్డులో పడ్డాయంటే ప్రభుత్వం వారి కూడికలో తండ్రికి కాలు మళ్లీ మొలిచినట్టే. షుగరు ముదిరి మోకాలి కిందికి తీసేసిన కాలు, రిమ్స్‌ డాక్టర్లు దక్కించలేకపోయిన కాలు, కొడుకు జీతం కంప్యూటర్లోకి ఎక్కగానే తిరిగొచ్చేస్తుంది. తండ్రి దాన్ని చూసుకోలేడు, తడుముకోలేడు, దానిమీద నిలబడలేడు. పింఛను జాబితాలో తన పేరు కనపడకపోవడాన్ని బట్టి కాలొచ్చిందని తెలుసుకోవాలంతే. అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఆరోగ్యం ఇచ్చే దేవుడని కళ్ల జబ్బుల వాళ్లూ చర్మరోగాల వాళ్లూ తరతరాలుగా మొక్కుకుంటున్నారు. ఇంత వేగంగా కాళ్లు మొలిపించిన ఖ్యాతి మాత్రం ఆయనకీ లేదు.

ముందు ఇవ్వాల్సిన మెప్పు ఇచ్చేద్దాం, బాకీ ఉండకూడదు. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2014 అక్టోబరు ముందు దాకా 500 రూపాయలు. 2019 నాటికి 3,000 అయింది. 2024 జూలై 1 నుంచి 6,000. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా అతుక్కుపోయినవాళ్లకి 15,000. డయాలిసిస్‌ చేయించుకునేవాళ్లకి 10,000. కిడ్నీ జబ్బుల ఉద్దానం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ఆ మాట విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. ముసలివాళ్లకిచ్చే 4,000 కన్నా వికలాంగులకిచ్చేది యాభై శాతం ఎక్కువ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షను ఇరవై ఐదు శాతం ఎక్కువుంటే చాలంది. చట్టం అడిగినదానికి రెట్టింపు తేడా. పైగా ఒకటో తారీకు పొద్దున్నే గుమ్మంలోకొచ్చి, తలుపు కొట్టి మరీ చేతిలో పెడతారు. ఇదంతా నిజం, ఇదంతా మంచి.

తలుపు ఎవరిది అన్న దగ్గరే పేచీ. పింఛను ఒంటికి. అర్హత ఇంటికి.

సదరం క్యాంపులో డాక్టరు చూసేది ఒంటిని. చెయ్యి ఎంత వంగుతుందో, కన్ను ఎంత ఆనుతుందో, చెవికి ఎంత వినపడుతుందో కొలిచి శాతం వేస్తారు. 40 వస్తే వికలాంగుడు. అక్కడ కొడుకు ఊసు రాదు. ఆ క్యాంపులో కొడుక్కున్న పని ఒకటే, తండ్రిని చేతులమీద ఎత్తుకుని మెట్లెక్కించడం. తీరా ఆ సర్టిఫికెట్టు పట్టుకుని సచివాలయానికొస్తే అక్కడ తండ్రి ఒంటిని ఎవరూ చూడరు. ఎత్తుకొచ్చిన కొడుకుని చూస్తారు. ఎవరీయన? ఏం చేస్తాడు? ఎక్కడుంటాడు? మీ కార్డులోనే ఉన్నాడా? అయ్యో, కార్డులోనే ఉన్నాడే!

ఆ తర్వాత ఆదాయం గీత, దాంతోపాటు ఆరంచెల తనిఖీ. 2019 డిసెంబరులో నవశకం పేరుతో గీయడం మొదలుపెట్టిన గీతలివి. ఇంటిల్లిపాదీ ఆదాయం కలిపి పల్లెలో నెలకి 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ఎవరి పేరా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఆటో, టాక్సీ, ట్రాక్టరు అయితే ఫరవాలేదు. ఎవరూ సర్కారు ఉద్యోగి కాకూడదు, సర్కారు పింఛనుదారు కాకూడదు. పారిశుధ్య కార్మికులకి మినహాయింపు. ఎవరూ ఆదాయప్పన్ను కట్టకూడదు. పట్నంలో కట్టుబడి వెయ్యి చదరపు అడుగులు దాటకూడదు. ఇన్ని గీతల్లో ఒక్కదాంట్లోనన్నా వికలాంగుడి ఒంటి ప్రసక్తి ఉందేమో వెతకండి. దొరికితే చెప్పండి, రథసప్తమి నాడు క్షీరాభిషేకం టిక్కెట్టు నా ఖర్చు.

గీతలు గీసింది ఒక ప్రభుత్వం. వాటి మీద ఆరువేల ముగ్గు పెట్టింది ఇంకో ప్రభుత్వం. డబ్బు రెట్టింపయింది గానీ 12,000 గీత 2019లో పడుకున్న చోటే పడుకుని ఉంది. అప్పట్నుంచి బియ్యం లేచింది, నూనె లేచింది, ఆటో చార్జీ లేచింది. లేవలేనివాళ్ల గీత ఒక్కటే లేవలేదు.

ఈ తనిఖీ ఎంత పకడ్బందీగా ఉందో చూడ్డానికి అరసవల్లి గుడి దాటి ఎక్కడికీ పోనక్కర్లేదు. గర్భగుడిలో నల్లరాతి స్వామి, అటూ ఇటూ దేవేరులు, కింద ఏడు గుర్రాలు, వాటి పగ్గాలు పట్టిన సారథి. మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాలు తాకే రోజుల్లో గుళ్లో కాలు పెట్టే చోటుండదు. అందరి కళ్లూ ఆ పాదాల మీదే. ఆ పాదాల దగ్గరే కూర్చున్న కాళ్లు లేనివాడి మీద ఎవరి కన్నూ పడదు.

అతని పేరు అనూరుడు. తల్లి వినత తొందరపడి గుడ్డు ముందే పగలగొడితే తొడలు ఏర్పడకుండా పుట్టినవాడు. పుట్టుకతోనే వికలాంగుడు. అయినా ఒక్కరోజు సెలవు పెట్టకుండా, లోకమంతటికీ తెల్లవార్చే బండి తోలుతున్నాడు. వయసు మీదపడింది, నాకూ ఓ ఆరువేలు వస్తే బాగుణ్ణని స్వామి దగ్గర సెలవు తీసుకుని వార్డు సచివాలయానికి వచ్చాడనుకోండి. ఆదివారం అయితే భక్తుల రద్దీలో నలిగిపోతాడు, సోమవారమే వచ్చాడనుకుందాం.

సంక్షేమ కార్యదర్శి పాతికేళ్ల అమ్మాయి. మర్యాదస్తురాలు. కుర్చీ వేసింది. కూర్చోడానికి ఆయనకి కుర్చీ సరిపడదని గ్రహించి, నొచ్చుకుని, ట్యాబు తెరిచింది.

“సదరం ఉందా స్వామీ?”

“ఉందమ్మా. తొడలే లేవు కదా, 90 శాతం వేశారు. శాశ్వతం అని రాశారు. మళ్లీ మొలవవని ఒప్పుకున్నారు.”

“మంచిది. భూమి ఏమన్నా ఉందా?”

“నేలమీద దిగితే కదా తల్లీ.”

“నాలుగు చక్రాల బండి?”

“నేను తోలేది ఒంటి చక్రం రథం.”

అమ్మాయి మొహం వెలిగింది. ఆర్టీఏ సర్వరు కూడా అదే చెప్పింది. చక్రం ఒకటి, గుర్రాలు ఏడు, గుర్రాలకి గీత లేదు. రెండంచెలు దాటేశాడు. కరెంటు దగ్గర బండి ఆగింది. అనూరుడికి విడిగా మీటరు లేదు, యజమాని ఇంటి చిరునామాయే తనదీ. ఆ ఇంట్లో ఎన్ని యూనిట్లు వెలుగుతాయో చెప్పగలిగిన మీటరు డిస్కం దగ్గర లేదు. “మూడొందలు దాటిందా?” అని అడిగితే అనూరుడు నవ్వి ఊరుకున్నాడు. అన్నట్టు 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఈ స్వామి పేరు మీదే పీఎం సూర్యఘర్‌ అని పథకం పెట్టింది. డాబా మీద పలకలు పెట్టుకున్న ఇంటికి నెలకి 300 యూనిట్ల దాకా ఉచితం. ఢిల్లీలో 300 యూనిట్లు కానుక, సచివాలయంలో 300 యూనిట్లు నేరం. పేరు మాత్రం రెండు చోట్లా స్వామిదే.

“ఇంట్లో సర్కారు ఉద్యోగులు?”

“తమ్ముడు గరుత్మంతుడు. వైకుంఠంలో. పర్మనెంటు.”

“మీ కార్డులోనే ఉన్నాడా?”

“అమ్మ బతికున్నంత కాలం ఒకే కార్డు అనుకున్నాం.”

“మీకేమన్నా పంపిస్తాడా?”

అమ్మాయి ఈ ప్రశ్న తనంతట తాను అడిగింది. ట్యాబులో ఆ గడి లేదు. జవాబు విని రాసుకోడానికి చోటు లేక ఊరుకుంది.

“పిల్లలు?”

“ఇద్దరు కొడుకులు. పెద్దాడు సంపాతి. తమ్ముణ్ణి కాపాడబోయి రెండు రెక్కలూ కాల్చుకున్నాడు.” కాల్చింది ఎవరో చెప్పలేదు. కొడుకు రెక్కలు కాల్చిన యజమాని దగ్గరే తండ్రి పగ్గాలు పడుతున్నాడన్నది కార్మిక శాఖ చూసుకోవాల్సిన సంగతి.

“అంటే ఆయనా వికలాంగుడే! ఒక ఇంటికి ఒకటే పింఛను స్వామీ. తీవ్ర వైకల్యానికి మినహాయింపు ఉందనుకోండి, కానీ ఆయన సదరం ఏది? రెండోవాడు?”

“జటాయువు. ఓ ఆడకూతుర్ని ఎత్తుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయాడు.”

“అయ్యో. మరణ ధ్రువపత్రం?”

“దండకారణ్యంలో పంచాయతీ ఎక్కడిదమ్మా? దహనం చేసినవాళ్లు అయోధ్య వాళ్లు. వాళ్లూ అప్పుడు ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు.”

“అయితే కార్డులో పేరు తీయడం కుదరదు స్వామీ. ఎదిగిన కొడుకు, ఒళ్లు బాగున్నవాడు, సంపాదించగలిగినవాడు ఇంట్లో ఉన్నట్టే సిస్టం చూపిస్తోంది.”

ఆఖర్న వచ్చిన చీటీలో కారణాలు మూడు: విద్యుత్‌ వినియోగం, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి, సంపాదించే వయసు గల కుమారుడు. తొడల సంగతి ఎక్కడా లేదు. అనూరుడు ఆ చీటీ మడిచి నడుముకి దోపుకుని, మర్నాడు తెల్లవార్చాల్సిన పని ఉంది కనక వెళ్లిపోయాడు. ఆయన చేసేది ఉద్యోగమా కాదా అన్నది అమ్మాయికి తేలలేదు. డ్యూటీ ఉంది, జీతం లేదు, సెలవు లేదు.

అలాంటి ఉద్యోగం మనుషుల్లోనూ ఉంది, దాని పేరు అంగన్‌వాడీ. కూతురు అంగన్‌వాడీ టీచరు అనుకోండి. జీతం అడిగితే అది జీతం కాదు, గౌరవ వేతనం అంటారు. పర్మనెంటు చెయ్యమంటే మీరు ఉద్యోగులే కారు అంటారు. పడిపోయిన తండ్రికి పింఛను అడిగితే మాత్రం, అమ్మా, మీకు సర్కారు డబ్బు పడుతోంది కదా అంటారు. 2023 డిసెంబరులో మొదలై సంక్రాంతి దాటేదాకా నడిచిన అంగన్‌వాడీల సమ్మెలో, మాకూ సంక్షేమ పథకాలు వర్తింపజెయ్యండి అన్నది కూడా ఒక డిమాండు. వాళ్ల గౌరవ వేతనం 11,500. పల్లె గీత 10,000 కనక అది దాటేసింది. అరసవల్లి శ్రీకాకుళం నగరపాలక సంస్థలోది కనక ఇక్కడ గీత 12,000. ఇంకా 500 మిగులు. ఆ ఇంటి ఇల్లాలు రెండు గేదెలు పెట్టుకుని పాలు అమ్మిందా, ఆ 500 కూడా హారతైపోయి తండ్రి పక్షవాతం నయమైపోతుంది. ఔట్‌సోర్సింగు పిల్లలదీ ఇదే వరస. ఉద్యోగ భద్రత అడిగినప్పుడు బయటివాళ్లు, పింఛను అడిగినప్పుడు లోపలివాళ్లు.

ఇక బండి కథ. మంచం పట్టిన తండ్రిని రిమ్స్‌కి తీసుకెళ్లాలంటే మోటారుసైకిలు మీద ముందొకడు వెనకొకడు, మధ్యలో ముసలాయన. ఏడు రోడ్ల కూడలి దాటేలోపు ఆయన ఒకవైపుకి వాలిపోతాడు, వెనకవాడు చంకల్లో చేతులు వేసి బిగించి పట్టుకోవాలి, కాళ్లు సైలెన్సరుకి ఆనకుండా గోనెగుడ్డ కట్టాలి. చూడలేక కొడుకు ఓ పాత మారుతి కొన్నాడు. అద్దం దిగదు, దిగితే ఎక్కదు. కానీ నాలుగు చక్రాలున్నాయి. తండ్రి కోసం కొన్న బండి తండ్రి పింఛను మీంచి వెళ్లిపోయింది. అదే బండికి పసుపు నంబరు ప్లేటు తగిలించి టాక్సీ చేసి ఉంటే నిబంధన నవ్వుతూ దారిచ్చేది. అంటే ఊళ్లోవాళ్లని తిప్పు, తప్పులేదు. నీ బాబుని తిప్పావో, జాగ్రత్త.

కరెంటు మరీ అన్యాయం. ఊపిరి ఆడని తండ్రికి ఆక్సిజను మిషను పెట్టారనుకోండి. చిన్నదే, దాదాపు 350 వాట్లు. రోజంతా తిరిగితే ఎనిమిది యూనిట్ల పైమాట, నెలకి రెండొందల యాభై. వీపు పుండ్లు పడకుండా గాలిపరుపు ఒకటి, దానికో మోటారు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫ్రిజ్జు కలిపితే మూడొందలు ఎప్పుడో దాటింది. జబ్బు ఎంత ముదిరితే మీటరు అంత తిరుగుతుంది, మీటరు ఎంత తిరిగితే ఆ ఇల్లు అంత కలిగినిల్లు. ఆయన ఊపిరి తీసుకోవడాన్ని ప్రభుత్వం విలాసం కింద జమకట్టింది. వెనకటికి అద్దె ఇంటివాళ్ల మీటర్లు యజమాని ఆధార్‌కి, యజమానివి ఇంకెవరి ఆధార్‌కో అతుక్కుని వేరేవాళ్ల ఏసీ బిల్లుకి వీళ్ల పింఛను ఎగిరిన కథలూ మనకి తెలిసినవే.

ఇల్లు సంగతి వద్దు. కొడుక్కి పెళ్లయిందని పైన ఓ గది వేస్తే వెయ్యి చదరపు అడుగులు దాటుతుంది. కిందున్న తండ్రి ఆ గది జన్మలో చూడడు, మెట్లెక్కలేడు కనక. బ్యాంకు లోనుకి అడిగిందని ఆదాయప్పన్ను రిటర్ను వేసి, కట్టింది సున్నా అయినా కలిగినవాళ్లలో కలిసిపోయామని గోల పెట్టినవాళ్లూ ఉన్నారు.

దీనికి మందు ఏమిటంటే స్ప్లిట్టు. సచివాలయం మెట్ల మీద ఎవర్ని అడిగినా చెప్తారు: “కార్డు స్ప్లిట్టు సేయించీసుకోండి, పనైపోద్ది.” ఒకప్పుడు అన్నదమ్ములు విడిపోవాలంటే పెద్దమనుషులు కూచునేవారు, గిన్నెలు లెక్కపెట్టుకునేవారు, తల్లి ఏడ్చేది. ఇప్పుడు ఎవరూ ఎవరితోనూ తగువు పడలేదు. ఒకే పొయ్యి, ఒకే కూర, ఒకే దండెం మీద బట్టలు. కార్డులు మాత్రం రెండు. పిల్లలు తల్లిదండ్రుల్ని చూడాలని, ఉమ్మడి కుటుంబం మన సంస్కృతి అని వేదికల మీద గొంతు బొంగురు పోయేలా చెప్పే ప్రభుత్వాలు, ఆ కుటుంబాన్ని కాగితం మీద చీల్చుకుంటే నెలకి ఆరువేలు బహుమానం ఇస్తున్నాయి. పైగా ఆ చీల్చుకోడానికీ రాత ఉండాలి. కార్డులోకి పేరు ఎక్కడానికి పుట్టినా చాలు, పెళ్లయినా చాలు. దిగడానికి మాత్రం చావు సర్టిఫికెట్టంత నమ్మకమైన దరఖాస్తు ఇంకోటి లేదు. కొడుకు బతికుండి దిగుతానంటే సర్వరుకి అనుమానం.

అందుకే ఈ జిల్లాలో తెలివైన కొడుకు ఏం చేస్తాడంటే బండెక్కేస్తాడు. హైదరాబాదో చెన్నయ్యో పోయి, అక్కడే కార్డు రాయించుకుని, నెలకో ఫోను, పండక్కో చొక్కా. తండ్రి ఒంటరివాడవుతాడు, వెంటనే అర్హుడవుతాడు. ఊళ్లోనే ఉండిపోయి, పైడిభీమవరం మందుల కంపెనీకి షిఫ్టు బస్సెక్కి, రాత్రి వచ్చి తండ్రి మలమూత్రాలు ఎత్తే కొడుకు మాత్రం ఆ ఇంటికి పట్టిన ఆదాయం. వలసల జిల్లా, వలసల జిల్లా అని మన నాయకులు కన్నీళ్లు పెట్టుకుంటారు గదా. వలస ఆపడం చేతకాకపోతే పోనీ, ఉండిపోయినవాడికి జరిమానా వెయ్యకుండా ఉండొచ్చు.

తండ్రిని కొడుకే చూడాలి, అది ధర్మం అంటారా? ఒప్పుకున్నాను. ధర్మమే కాదు, చట్టం కూడా. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టంలో ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో ఉంది. ఆ రెండో చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునలు. పిల్లలచేత ఇప్పించగలిగే భరణం గరిష్ఠంగా నెలకి 10,000. అయితే చిన్న తమాషా. ఆ ట్రిబ్యునలు కొడుకుని పిలుస్తుంది, నీకెంతొస్తుంది, నీ పిల్లలెంతమంది, ముసలాయనకి ఎంత ఇవ్వగలవు అని అడుగుతుంది. అన్నీ విన్నాకే ఆర్డరు. సచివాలయం ట్యాబు ఎవర్నీ పిలవదు. కొడుకు జీతం మొత్తం తండ్రి కంచంలో పడుతోందని ముందే తీర్పు రాసి పెట్టుకుంది. ఆ తీర్పు తప్పని రుజువు చెయ్యాలంటే తండ్రి ఏం చెయ్యాలి? తనని ఎత్తుకుని మెట్లెక్కించిన కొడుకు మీద కేసు వెయ్యాలి. ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కడానికి మళ్లీ ఆ కొడుకే కావాలి.

కుటుంబ విలువలు లేవని మనం వెక్కిరించే దేశాల సంగతి చూడండి. అమెరికాలో ఎస్‌ఎస్‌ఐ అని బీద వికలాంగులకి ఒక భత్యం ఉంది. దాంట్లో మొగుడి ఆదాయం పెళ్లానికీ, పెళ్లానిది మొగుడికీ లెక్కిస్తారు. తల్లిదండ్రులది మైనరు పిల్లలకి లెక్కిస్తారు. ఎదిగిన కొడుకు ఇంట్లో ఉన్నాడని అతని జీతాన్ని తండ్రి ఖాతాలో వెయ్యరు. బ్రిటన్‌వాళ్లు కొంచెం మనలాంటివాళ్లే, ఇంటద్దె సాయంలో ఎదిగిన పిల్లలున్నారని కోత పెడతారు. కానీ ఆ ఇంటి పెద్దకి చూపు లేకపోయినా, రోజువారీ పనులకి ఇంకొకరి సాయం కావాలని ఇచ్చే భత్యం అందుతున్నా, ఆ కోత ఎత్తేస్తారు. కోత కొయ్యడం మనకి నేర్పి వెళ్లినవాళ్లు ఎక్కడ ఆపాలో నేర్పడం మర్చిపోయినట్టున్నారు.

తండ్రి అప్పు కొడుకుల మెడకి ఎలా చుట్టుకుంటుందో, ఆ ఉరి ఎంతదాకా బిగుస్తుందో కారా మాస్టారు ‘యజ్ఞం’లో రాశారు. ఆయన 1997లో పెట్టిన కథానిలయం ఈ ఊళ్లోనే, అరసవల్లికి ఎంతో దూరం లేదు. ఆ కథని మన సచివాలయం ఇప్పుడు తిరగేసి రాస్తోంది. ఇందులో కొడుకు జీతం తండ్రి మెడకి చుట్టుకుంటుంది. చదివి ఒళ్లు జలదరించడానికి ఏమీ ఉండదు, చీటీలో రెండు పదాలు, ఒక కోడ్‌ నంబరు.

అవతలి మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అంటారు. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి. చెవులు పనిచెయ్యవని రాయించుకుని సెల్‌ఫోన్లో సీరియల్‌ వినేవాళ్లున్నారు. 2025 జనవరి నుంచి డాక్టర్ల బృందాల్ని పెట్టి మళ్లీ కొలిపించారు, ఆగస్టులో నోటీసులు ఇచ్చారు, నిజంగా కాళ్లు లేనివాళ్ల ఇళ్లకి కూడా అవి వెళ్లాయని గోల పుట్టాక, అప్పీలు చేసుకోండి, అందాకా డబ్బు ఆపం అన్నారు. సరే, అదొక పద్ధతి. శాతం తప్పయితే మళ్లీ కొలవడానికి డాక్టరున్నాడు. కొడుకుని తప్పు కొలిస్తే? మంచి కొడుక్కి ఎంత శాతం, తాగుబోతు కొడుక్కి ఎంత శాతం, కోడలు పెట్టనివ్వని కొడుక్కి ఎంత శాతం వెయ్యాలో చెప్పే సదరం క్యాంపు ఇంకా పెట్టలేదు. పెడితే రిమ్స్‌ వరండాలు చాలవు, కోడి రామమూర్తి స్టేడియం అద్దెకి తీసుకోవాలి.

తహశీల్దారుగారి నాన్నకీ, మూడంతస్తుల మేడలోని పెద్దాయనకీ ఆరువేలు ఇవ్వమని నేను అనడం లేదు. కలిగినవాళ్లని ఆపడానికి గీత ఉండాలి. కానీ పదహారువేలు తెచ్చుకుని భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ, మంచంలో ఉన్న తండ్రినీ లాక్కొచ్చే కుర్రాడు ఏ కలిగినవాడు? తలకి 3,200. ఆ 3,200లో తండ్రి డైపర్లు, గాజుగుడ్డ, ఇన్సులిను. పింఛను పీకేసినప్పుడు ఆగిపోయేది తండ్రి తిండి కాదు, ఆ కొడుకు దాన్ని ఆపడు. పిల్లల ట్యూషను ఆగుతుంది, పెళ్లాం మెళ్లో పుస్తెలతాడు బ్యాంకుకి వెళుతుంది. అవి ఏ అంచెలోనూ లెక్కకి రావు.

మొన్న ఒక సచివాలయంలో ఇలాంటి తాత ఒకాయన, మోకాలి కింద ఖాళీ పంచె మడిచి గుచ్చుకుని, కౌంటరు ముందు గచ్చు మీద కూచున్నాడు. కొడుకు బయట బండి దగ్గర నిలబడి లోపలికి రాలేదు, వస్తే మళ్లీ తనని లెక్కపెడతారేమోనన్నట్టు. కార్యదర్శి కుర్రాడు ఓపిగ్గా రెండోసారి చెప్పాడు, ఇంటి ఆదాయం గీత దాటింది తాతా, మీ అబ్బాయి జీతం ఎక్కింది కదా అని.

తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

“అంటే బాబూ, నా పింఛను మా గుంటడి జీతంలో కలిసిపోనాదంతారు. అంతేనా?”

“అలాగే అనుకో తాతా.”

“మరయితే ఒకటో తారీకుని పొద్దున్నే ఆడు ఆరువేలు అట్టుకొచ్చి నా తలుపు కొట్టాల గదా. ఇన్నాల్లూ మీరు అలగే కొట్టినారు. మీ సేతిలో ఉన్నాదే ఆ మిసను, అది ఆడికిచ్చీయండి. ఒకటో తారీకు సెలవైతే ముందురోజే రమ్మనండి, మీరు అలగే వొచ్చీవోరు. ఏలిముద్ర ఆడికే ఏస్తాను. ఏలు అరిగిపోయి పడకపోతే కన్ను సూపిత్తాను. ఆడు రాకపోతే మాత్రం బాబూ, రిపోర్టు మీరే రాసుకోవాల. నాను రాయను.”